పంతొమ్మిదో ప్రశ్న

ఆ వేసవిలో మా పిన్ని ఉద్యోగం పోయింది. పోగొట్టిన చేతుల్లో ఒక చెయ్యి నాది. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే కథ పొడుగునా తప్పు ఎవరి నెత్తిన రుద్దుదామా అని చూస్తాను. నాకా అలవాటుంది.

పిన్నిది వాషింగ్ మెషిన్లు చేసే కంపెనీలో ఫోన్ల దగ్గర కూర్చునే పని. మెషిను ఆగిపోయిందనో, నీళ్ళు కారుతున్నాయనో జనం ఫోన్ చేస్తారు. ఆ గదిలో మొత్తం పదకొండుమంది. మిగతా పదిమందీ ముందున్న పుస్తకం చూసి వరసగా ప్రశ్నలడుగుతారు. పిన్ని మాత్రం "ఫోను తీసుకెళ్ళి మెషిను పక్కన పెట్టండమ్మా, పెట్టి ఆన్ చెయ్యండి" అంటుంది. అని కళ్ళు మూసుకుని వింటుంది. కీచుమంటే బెల్టు. గరగరమంటే బేరింగు. టకటకమంటే ఇంట్లో ఎవరో జేబులో చిల్లర మర్చిపోయారు. కొత్తగా కొన్న మెషిను ఇల్లంతా గంతులేస్తోందని ఏడుపు గొంతుతో ఎవరైనా అంటే, "దారిలో కదలకుండా వెనకాల నాలుగు బోల్టులు బిగించి పంపిస్తారు, అవి తీశారా?" అని అడుగుతుంది. అటువైపు నుంచి సిగ్గుపడిన నవ్వు వినిపిస్తుంది. పద్నాలుగేళ్ళు అదే కుర్చీలో కూర్చుని విన్నది. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆ కుర్చీ మీద కూర్చునే.

ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను, పిన్ని, కండక్టర్ తాతయ్య. తాతయ్య పిన్నికి నాన్న. బస్సు ఉద్యోగం మానేసి పదేళ్ళయినా ఎవరైనా గుమ్మంలో నిలబడితే చాలు, "లోపలికి జరగాలి, లోపలికి జరగాలి" అనేవాడు.

ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. ఒక సాయంత్రం అన్నాల దగ్గర పిన్ని మామూలుగానే చెప్పింది.

"మా వాళ్ళు ఫోన్ల దగ్గర మనుషుల్ని తీసేసి ఏఐ పెడదామా అని చూస్తున్నారట."

"అంటే?" అన్నాడు తాతయ్య.

"కంప్యూటరే మాట్లాడుతుందన్నమాట నాన్నా. ముందు జనాన్ని అడుగుతారట, కావాలా వద్దా అని. వాళ్ళు కావాలంటేనే పెడతారట."

"మరి కావాలంటేనో?"

"ఎందుకంటారు నాన్నా? ఇంట్లో నీళ్ళు మడమల దాకా వచ్చినప్పుడు మనిషి గొంతు వినాలనుకుంటారు గానీ. నాకు తెలీదా వాళ్ళ సంగతి? అడగనీ." ఆ మాట అని నా కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. పిన్నికి ఆ ఫోన్ చేసే వాళ్ళ మీద ఎంత నమ్మకమంటే, మా చుట్టాల మీద అందులో సగం కూడా ఉండేది కాదు.

అదే వారంలో నాకు ఉద్యోగం దొరికింది. ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసే పని. మా పై అధికారిని అందరూ శాతం గారు అనేవారు. ఆయన ఏది చెప్పినా నూటికి ఎంతో చెప్పకుండా వదలడు. మొదటిరోజు మమ్మల్ని ఐదుగురినీ కూర్చోబెట్టి, "మీలో నలభై శాతం మొదటి వారమే మానేస్తారు, ఇరవై శాతం రెండో వారం" అని మొదలుపెట్టాడు. ఆ లెక్కన పోయే ముగ్గురూ ఎవరా అని మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మిగిలినవాళ్ళకి ఆఫీసులో ఫ్యాను కింద పర్మనెంటు కుర్చీ అన్నాడు. రోజుకి ఇరవై ఫారాలు తగ్గకూడదన్నాడు.

ఫారం ట్యాబ్‌లో ఉండేది. మొత్తం పంతొమ్మిది ప్రశ్నలు. రెండో ప్రశ్న, మీ ఇంట్లో ఎవరైనా గృహోపకరణాల కంపెనీలో పనిచేస్తున్నారా అని. ఉన్నారంటే ఫారం అక్కడికక్కడే మూసుకుపోతుంది. సొంత కంపెనీ వాళ్ళ మాట లెక్కలోకి రాకూడదట. తర్వాత పదహారు ప్రశ్నలూ ఏ మెషినుంది, ఎన్నేళ్ళయింది, ఎన్నిసార్లు పాడైంది వగైరా. పంతొమ్మిదోది అసలు ప్రశ్న. 'మీ ఉపకరణానికి సంబంధించిన సహాయాన్ని కృత్రిమ మేధతో పనిచేసే సహాయకుని ద్వారా పొందుటకు మీరు ఇష్టపడతారా?' కింద రెండే గడులు. కావాలి, వద్దు.

కావాలి నొక్కితే అయిపోతుంది, ధన్యవాదాలు అని పడుతుంది. వద్దు నొక్కితే మాత్రం ఇంకో ఏడు ప్రశ్నలు తెరుచుకుంటాయి. ఎందుకు వద్దు, ఎప్పుడైనా వాడి చూశారా, వాడితే ఏం ఇబ్బంది కలిగింది, ఇలాగ. ఒక్కోదానికి కనీసం రెండు వాక్యాలు టైపు చేస్తే తప్ప ట్యాబు ముందుకు కదలదు.

"ఈ సర్వే ఎవరి కోసం సార్?" అని అడిగాను.

"అది మీకు తెలియకూడదు. తెలిస్తే మొహంలో కనపడుతుంది. మొహంలో కనపడితే పన్నెండు శాతం జవాబులు మారిపోతాయి," అన్నాడు.

పిన్ని చెప్పింది, ఈయన చెప్పింది పక్కపక్కన పెట్టి చూసుకునే తెలివి నాకుండాలి. ఉందనే అనుకుంటున్నాను. చూసుకోలేదు, అంతే. కొత్త ఉద్యోగం, మెడలో కార్డు, వీధిలో నన్ను చూసి కుక్కలు కూడా లేచి నిలబడుతున్నాయి. అప్పుడు ఎవరికి కావాలి ఆ తెలివి.

మొదటి మూడు రోజులు నిజాయితీగానే చేశాను. మిట్టమధ్యాహ్నం తలుపు కొడితే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? చేతికి సబ్బు నురగతో ఒకావిడ వచ్చేది, కునుకు పాడైన డ్రైవరు ఒకాయన వచ్చేవాడు. పద్దెనిమిది ప్రశ్నలకీ ఓపిగ్గానే చెప్పేవారు. పంతొమ్మిదోది చదివేసరికి అందరి కళ్ళూ తేలిపోయేవి.

"కృత్రిమ మేధ అంటే ఏంటమ్మా?"

"ఏఐ అండి."

"ఓ, అదా. మావాడి ఫోన్లో ఉంది. పొద్దున్నే లేపమంటే రాత్రి లేపింది."

"మీకు కావాలా అండి?"

"నాకెందుకమ్మా. మెషిను బట్టలుతికితే చాలు, నాతో కబుర్లు చెప్పక్కర్లేదు."

అంటే వద్దన్నట్టేగా. వద్దు నొక్కి, ఎందుకు వద్దు అని మొదలుపెట్టేదాన్ని. మూడో ప్రశ్నకి వచ్చేసరికి పొయ్యి మీద ఏదో పొంగుతుండేది. నాలుగోదానికి ఆవిడ ఒక కాలు లోపల పెట్టేసేది. "నీకు తోచింది రాసుకో తల్లీ, ఎండలో ఎంతసేపని నిలబడతావు," అని మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి తలుపేసేసేది. ఆ మూడు రోజుల్లో ఏ రోజూ ఆరు ఫారాలు దాటలేదు. శాతం గారు నా వైపు చూడకుండానే "ముప్ఫై శాతం" అన్నాడు. ఆయన తిట్టు అంతే. దానికే నాకు తల కొట్టేసినట్టయింది.

మాలో గొడుగక్క అని ఒకావిడ ఉండేది. ఐదేళ్ళుగా ఈ పని చేస్తోంది. పూల గొడుగు లేకుండా అడుగు బయట పెట్టదు. నాలుగో రోజు నన్ను గొడుగు కిందికి లాక్కుని, "ఏడు ప్రశ్నలూ అడుగుతున్నావా ఏంటి?" అంది.

"అడగాలి కదక్కా."

"వాళ్ళేమంటున్నారు?"

"మీరే రాసుకోండి అంటున్నారు."

"మరి రాసుకో. వాళ్ళని నిలబెట్టి విసిగించడం ఎందుకు, నువ్వు వడదెబ్బ తినడం ఎందుకు? నువ్వేం అబద్ధం రాయట్లేదు. రాసుకోమన్నారు, రాస్తున్నావు." అని నా ట్యాబు తీసుకుని కావాలి నొక్కింది. ధన్యవాదాలు అని పడింది. "చూశావా, అర నిమిషం," అంది.

ఆ రోజు ఇరవై రెండు ఫారాలు చేశాను. అది ఎంత తేలికంటే, రెండు రోజులకి అడగడం కూడా మానేశాను. పద్దెనిమిదో జవాబు వస్తుండగానే నా వేలు పంతొమ్మిదో గడి మీద ఉండేది. జనానికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఏడు ప్రశ్నల బాధ తప్పించానుగా.

మూడో వారంలో ఒక పాత మేడ పై అంతస్తులో బొత్తాలు కుట్టే మామ్మ గారింటికి వెళ్ళాను. కుట్టుపని వాళ్ళు చొక్కాలు మూటలు కట్టి ఆవిడ దగ్గర పడేసిపోతారు, బొత్తాలు కుట్టి ఇస్తుంది. గదంతా చొక్కాలే. రెండు మూటలు పక్కకి తోసి నన్ను కూర్చోమంది. ఆవిడకి మాట్లాడే మనిషి కావాలి, నాకు నీడ కావాలి. అందుకే ఆ ఒక్క ఇంట్లో పంతొమ్మిదో ప్రశ్న పైకి చదివాను.

"వద్దమ్మా," అంది వెంటనే. దారం నోటితో తెంపింది. "నా మెషిను స్నానాల గదిలోంచి నడిచి వంటింట్లోకి వచ్చేసేది. అమ్మిపారెయ్యమన్నారు అందరూ. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే ఒకావిడ, ఫోన్ తీసుకెళ్ళి మెషిను దగ్గర పెట్టమంది. విన్నది. ఈసారి నేల మీద పెట్టమంది. మళ్ళీ విన్నది. అమ్మా, మీ మెషిను బాగానే ఉంది, కింద పలక ఒకటి లేచింది చూడండి అంది. నేల మీది పట్టా తీసి చూస్తే నిజంగానే లేచి ఉంది. నా ఇంట్లో పలక లేచిందని ఫోన్లో ఆవిడకి తెలిసింది గానీ నాకు తెలీదు. అలాంటి మనిషిని పెట్టుకుని ఇంకోటెందుకు? ఇదిగో, ఇది రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి."

అలా చెప్పగలిగేది మా పిన్ని ఒక్కతే. ఈ సర్వే ఎవరిదో ఆ క్షణంలో నాకు అనుమానం లేకుండా తెలిసిపోయింది. ఆవిడ మా పిన్నే అని చెబుదామనిపించింది. చెప్పలేదు. మామ్మ గారు ఇంకా చెబుతూనే ఉంది, ఆ ఏడు ప్రశ్నలకీ నేను అడగకుండానే జవాబులు వచ్చేస్తున్నాయి. గోడ మీద గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. ఐదింటికి ఆఫీసు బండి వస్తుంది. ఇంకా ఐదు ఇళ్ళున్నాయి.

"రాస్తాను మామ్మ గారూ," అని లేచాను.

మెట్ల మీద నిలబడి ఫారం పూర్తిచేశాను. అర నిమిషం పట్టింది.

అన్ని వందల ఫారాల్లో ఇదొక్కటి ఎటుంటే ఏంలే అనుకున్నాను. మిగతావి కూడా నావేనన్న సంగతి ఆ మెట్ల మీద నాకు గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి లెక్కకి ఒక ఫారం తక్కువైంది. ఆరున్నరలోపు పంపాలి. నేను చెప్పులు విప్పుతుంటే పాదాల మీద బొబ్బలు చూసి పిన్ని బకెట్టులో నీళ్ళు తెచ్చిపెట్టింది.

"ఎన్నయ్యాయే?"

"పంతొమ్మిది."

"ఒక్కదానికి ఆ మొహమేంటి? నన్నడుగు. పద్నాలుగేళ్ళుగా నేనే అడుగుతున్నాను, నన్నెవరైనా అడిగితే ఎలా ఉంటుందో చూస్తాను." కొంగు సర్దుకుని ఫోటోకి కూర్చున్నట్టు కుర్చీలో కూర్చుంది. తాతయ్య కూడా తన కుర్చీ జరుపుకుని చూడటానికి వచ్చాడు.

రెండో ప్రశ్న పైకి చదవలేదు. మీ ఇంట్లో ఎవరైనా పనిచేస్తున్నారా. లేరు అని నొక్కేశాను. తర్వాతవి చదువుతుంటే పిన్ని ముచ్చటపడుతూ జవాబులు చెప్పింది. పంతొమ్మిదోది ఎంత గబగబా చదివినా ఆ చెవులకి దొరక్కుండా పోదు.

"ఆగు. ఇది మావాళ్ళు అడిగిస్తామన్నదేనా?"

"ఏ కంపెనీయో మాకు చెప్పరు పిన్నీ," అన్నాను. అబద్ధం కాదు. చెప్పలేదు మరి.

"ఏదైతేనేం. వద్దని రాయి."

"వద్దంటే ఇంకా ఏడు ప్రశ్నలున్నాయి."

పిన్ని నా వంక చూసింది. నీళ్ళలో నా కాళ్ళ వంక చూసింది. "అయితే వద్దులే. నీకు ఏది తేలికైతే అది రాసుకో. నా ఒక్కదాని మాటతో ఏం మారుతుంది? ఊరంతా వద్దనే అంటుంది," అని లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజుకి ఇరవయ్యో ఫారం అది. సమయానికే పంపాను.

వేసవి అయిపోవస్తుండగా పిన్ని వాళ్ళ ఆఫీసులో ఒక కాగితం ఇచ్చారు. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టింది. తాతయ్య కళ్ళద్దాలు వెతుక్కుని పైకి చదివాడు. డెబ్భై ఎనిమిది శాతం వినియోగదారుల కోరిక మేరకు అని మొదలైంది. పదకొండుమందికీ ఆ నెలాఖరుతో సెలవు.

"ఈ డెబ్భై ఎనిమిది మందీ ఎక్కడుంటారే?" అన్నాడు తాతయ్య. "ఒక్కడూ మన బస్సెక్కలేదు."

ఎవరం నవ్వలేదు. పిన్ని ఏడుస్తుందేమో అనుకున్నాను. కంపెనీని తిడుతుందేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. కాగితం మడతపెట్టి, "కంపెనీ తీసేస్తే వేరే సంగతి. వాళ్ళే వద్దన్నారు చూడు," అంది. "ఇంతకాలం నేనేదో వాళ్ళకి అక్కరకొస్తున్నాననుకున్నాను. ఫోన్ పెట్టేశాక విసుక్కునేవాళ్ళేమో."

వాళ్ళెవరూ అలా అనలేదని చెప్పడానికి ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. చెప్పకుండా తాతయ్య కళ్ళద్దాలు తీసి డబ్బాలో పెట్టాను. ఆ మర్నాడే నాకు ఆఫీసులో ఫ్యాను కింద కుర్చీ ఇచ్చారు. ఇంట్లో పండగలా చెప్పాల్సిన మాట, గోడకి చెప్పినట్టు చెప్పాను. పిన్ని నా తల మీద చెయ్యివేసి నిమిరింది. ఆ చెయ్యి కింద నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇంట్లో ఎవరైనా పనిచేస్తున్నారా అంటే లేరని రాశాను కదా. రాసినప్పుడు అది అబద్ధం. వానలు మొదలయ్యేసరికి నిజమైంది.

పిన్ని ఒక లాండ్రీలో రసీదులు రాసే పనికి కుదిరింది. లోపల పెద్ద పెద్ద మెషిన్లు తిరుగుతుంటాయి. ఏది ఎందుకు మూలుగుతోందో ఆవిడకి తెలుస్తూనే ఉంటుంది, ఎవరూ అడగరు. ఫ్యాను కింద నేను రెండు నెలలకంటే ఎక్కువ కూర్చోలేకపోయాను.

ఒక వానరోజు మా ఇంటి మెషినే మొరాయించింది. నీళ్ళు బయటికి పోకుండా డ్రమ్ములోనే ఉండిపోయాయి. పిన్ని చెయ్యి పెట్టకముందే తాతయ్య, "ఉండవే, డెబ్భై ఎనిమిది శాతం మోజుపడ్డది ఏం చెబుతుందో చూద్దాం," అని కంపెనీకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు.

తేనెలాంటి గొంతు నమస్కారం చెప్పింది. మీ సమస్య ఏమిటో చెప్పండి అంది. పిన్ని చెప్పలేదు. ఫోను అందుకుని, అలవాటుగా వంగి, మెషిను పక్కన పెట్టి ఆన్ చేసింది. లోపల పంపు మూలిగింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం.

"క్షమించండి. మీ మాట నాకు వినిపించలేదు. దయచేసి మరోసారి చెప్పండి," అంది ఆ గొంతు.

పిన్ని ఇంకాస్త దగ్గరికి జరిపింది. "క్షమించండి. మీ మాట నాకు వినిపించలేదు."

పిన్ని ఫోను పెట్టేసింది. కింద మూత విప్పి, పంపులోంచి పిన్నీసు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. నాదే. నీళ్ళు భళ్ళున పోయాయి. "పాపం, దాని తప్పేముంది," అంది చెయ్యి తుడుచుకుంటూ. "జనానికి అదే నచ్చిందిగా."

అప్పుడు చెప్పాను. బయట వర్షం పడుతుంటే, మెషినుండే వెనక వసారాలో బట్టలు ఆరేసే తాడు కింద నిలబడి అన్నీ చెప్పాను. సబ్బు నురగ ఆవిడ మాట, డ్రైవరు మాట, గొడుగక్క, అర నిమిషం. బొత్తాల మామ్మ గారు చెప్పింది పలకతో సహా చెప్పాను. ఎవరూ నిన్ను వద్దనలేదు పిన్నీ, కావాలని కూడా ఎవరూ అనలేదు, నేనే నొక్కాను అన్నాను. తాతయ్య కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన ఎవరూ చెప్పకుండా లోపలికి జరగడం అదే మొదటిసారి.

పిన్ని పంపు మూత మళ్ళీ పెట్టి బిగించింది. "ఆ మామ్మ గారింటి పలక మళ్ళీ వేయించుకుందా?" అంది చివరికి.

"తెలీదు. అడగలేదు."

"ఊ." స్టూలు లాక్కుని మెషిను పక్కన కూర్చుంది. "ఆ రోజు ఏడు ప్రశ్నలున్నాయన్నావే. నన్ను అడగలేదు. అవేంటో ఇప్పుడడుగు."

వందల ఫారాలు చేసిన నాకు ఏడింటిలో ఒక్కటే గుర్తుంది. మొదటిది.

"ఎందుకు వద్దు?" అన్నాను.

"ఎందుకంటే," అని పిన్ని కళ్ళు మూసుకుంది. "మెషిను చప్పుడు వెనకాల ఇంటి చప్పుడు కూడా వినపడుతుంది నాకు. పిల్లాడు ఏడుస్తుంటే, ముందు వాణ్ణి ఎత్తుకోండమ్మా, నేను లైన్లోనే ఉంటాను అంటాను. ఒకావిడ ఉండేది, రెండు రోజులకోసారి చేసేది. మెషినుకి ఏ రోగమూ లేదు. ఆయన పోయాక ఆవిడకి ఇల్లు నిశ్శబ్దంగా ఉందట. మెషిను ఆన్ చేసి నాకు వినిపించేది. బాగానే ఉందమ్మా అనేదాన్ని. ఇప్పుడావిడకి ఎవరు చెబుతున్నారో..."

పిన్ని చెబుతూనే ఉంది. రెండు వాక్యాలు ఎప్పుడో దాటిపోయాయి. నా చేతిలో తడి పిన్నీసు తప్ప ఏమీ లేదు. అదంతా రాసుకునే చోటు నా దగ్గర ఎక్కడా లేదు.